స్క్రోల్‌బార్‌కు ఏమీ తెలియదు

(తిరుపతిలో పైథాన్ నేర్చుకుంటున్న విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక మాట్లాడమన్నారు, అదీ స్క్రోల్‌బార్ గురించి. నిద్రొస్తే ఆ తప్పు మీది కాదు.

ఇంత చిన్న ముక్క మీద మాట్లాడటానికి ఎందుకు ఒప్పుకున్నానంటే, ఒక మామిడి సీజన్‌లో ఇది నా పరువు తీసింది. చిత్తూరు వైపు ఒక మండీకి తోతాపురి లోడ్ల లెక్క కోసం టికింటర్‌లో, అంటే పైథాన్‌లో విండోలు తయారుచేసే లైబ్రరీలో, ప్రోగ్రాం రాసిచ్చాను. రైతు పేరు, బండి నంబరు, టన్నులు, రేటు. ఇంట్లో పది పేర్లు వేసి చూసుకున్నాను, బ్రహ్మాండంగా ఉంది. సరుకు జోరుగా దిగే రోజున మధ్యాహ్నం ఫోనొచ్చింది. "నాయనా, ముప్పయ్యో లోడు దాకా కనపడతాండాయి. ఆ తర్వాత కొట్టినవి యాడికి పొయ్యినాయి?" సేవ్ కాలేదేమో అనుకుని గుమాస్తా మళ్లీ కొట్టాడు. కనపడకపోతే ఇంకోసారి కొట్టాడు. సాయంత్రానికి కొందరు రైతుల పేరు మీద ఒక్కో లోడు మూడు లోడ్లయింది. డేటా ఎక్కడికీ పోలేదు. విండో అడుగున, కంటికి ఆనకుండా ఉంది, అంతే.

స్క్రోల్‌బార్ పెట్టలేదా అంటారేమో. పెట్టాను. కుడివైపు బొమ్మలా నిలబడింది. లాగితే ఒక్క వరసా కదల్లేదు.

అప్పుడు తెలిసింది అసలు సంగతి. స్క్రోల్‌బార్‌కు తన పక్కన ఏముందో తెలియదు. టెక్స్టో లిస్టో, పది లైన్లో పదివేలో, దానికి పట్టదు. దాన్ని పక్క విడ్జెట్‌కు, అంటే విండోలో మనం పెట్టిన టెక్స్టు, లిస్టు లాంటి ముక్కకు, మనమే కట్టాలి, అదీ రెండు వైపులా. మన తిరుమల కొండకు 1944లో మొదటి ఘాట్ రోడ్డు వేశారు. 1974లో రెండోది వచ్చేదాకా ఎక్కే బండికీ దిగే బండికీ అదే దారి. ఇప్పుడు ఎక్కడానికి ఒకటి, దిగడానికి ఒకటి. ఇక్కడ కూడా రెండు దారులు కావాలి. టెక్స్ట్ ఎక్కడుందో బార్‌కు తెలియాలంటే టెక్స్ట్‌లోని వైస్క్రోల్‌కమాండ్‌కు స్క్రోల్‌బార్‌లోని సెట్ ఇవ్వాలి. బార్‌ను లాగితే టెక్స్ట్ జరగాలంటే స్క్రోల్‌బార్‌లోని కమాండ్‌కు టెక్స్ట్‌లోని వైవ్యూ ఇవ్వాలి. మొదటిది మరిచిపోతే లాగినప్పుడు టెక్స్ట్ కదులుతుంది గానీ స్లైడర్, అంటే బార్‌లో మనం పట్టుకుని లాగే ముక్క, దాని వెంట రాదు. రెండోది మరిచిపోతే మౌస్ వీల్ తిప్పినప్పుడు స్లైడర్ చక్కగా కదులుతుంది, పట్టుకుని లాగితే మాత్రం ఉలకదు పలకదు.

ఆ దారుల్లో నడిచేది ఏమిటి? లైన్ నంబర్లు కాదు, భిన్నాలు. అలిపిరి మెట్లు 3550 అంటారు. దారిలో ఇంటికి ఫోన్ చేసినవాళ్లు "1775వ మెట్టు మీదున్నాం" అని చెప్పరు కదా, "సగం ఎక్కేశాం" అంటారు. స్క్రోల్‌బార్‌ది అదే భాష. వంద లైన్లలో ఇరవై కనిపిస్తుంటే, మొదట్లో టెక్స్ట్ దానికి 0.0, 0.2 అని చెబుతుంది. 41వ లైను పైకొస్తే 0.4, 0.6. ఆ రెంటి మధ్య దూరమే స్లైడర్ పొడవు. లోడ్లు పెరిగేకొద్దీ స్లైడర్ ఎందుకు చిక్కిపోతుందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. తిరుగుదారిలో లాగితే 'మూవ్‌టు' అని ఒక భిన్నం పోతుంది. చివరి బాణం నొక్కితే ఒక యూనిట్, ఖాళీ జాగాలో నొక్కితే ఒక పేజీ జరపమని 'స్క్రోల్' అన్న మాట పోతుంది.

కొత్తవాళ్లందరూ చేసే తప్పొకటి. వైవ్యూ పేరు రాసి ఆపేయాలి, చివర బ్రాకెట్లు పెట్టకూడదు. పెడితే, ఎప్పుడైనా అవసరమైతే చేసుకో అని నంబరు ఇవ్వాల్సింది పోయి, మనమే అప్పటికప్పుడు డయల్ చేసినట్టు.

ఇక నా మండీ ప్రోగ్రాంలో కట్టడానికే వీల్లేదు. వరసలన్నీ ఫ్రేమ్‌లో, అంటే వేరే విడ్జెట్లను పెట్టుకునే ఖాళీ డబ్బాలో, పెట్టాను, ఫ్రేమ్‌కు వైవ్యూ లేదు. టెక్స్ట్, లిస్ట్‌బాక్స్, బొమ్మలు గీసే కాన్వాస్, పట్టికలు చూపే ట్రీవ్యూలకు ఉంది. ఫ్రేమే కావాలంటే దాన్ని కాన్వాస్ లోపల క్రియేట్‌విండోతో కూర్చోబెట్టి, స్క్రోల్‌బార్‌ను కాన్వాస్‌కు కట్టాలి. రాత్రి కూర్చుని అదీ చేశాను. పొద్దున మళ్లీ అదే ఫోను! కాన్వాస్‌కు స్క్రోల్‌రీజియన్, అంటే జరపాల్సిన మొత్తం జాగా, ఎంతో మొదట్లో ఒక్కసారి చెప్పి ఊరుకున్నాను, అప్పటికి ఒక్క వరసా లేదు. ఫ్రేమ్ సైజు మారినప్పుడల్లా, అంటే కాన్ఫిగర్ ఈవెంట్ వచ్చినప్పుడల్లా, బీబాక్స్‌తో కొలిచి మళ్లీ చెప్పాలి. మెనూలో లేని వంటకం అడిగి చేయించుకున్నట్టుంటుంది ఈ పద్ధతి. పట్టికలకు ఇది వద్దని నా అభిప్రాయం, ట్రీవ్యూ పెట్టుకోండి. చివరికి నేనూ అదే పెట్టాను.

విడ్జెట్లను విండోలో అమర్చడానికి ప్యాక్ వాడేవాళ్లు స్క్రోల్‌బార్‌నే ముందు ప్యాక్ చేయండి. తర్వాత చేస్తే, విండో చిన్నది చేసినప్పుడు ముందు మాయమయ్యేది అదే.

ట్రీవ్యూ పెట్టాక గుమాస్తా ఇంకొకటి అడిగాడు. లోడు కొట్టగానే అది ఎదురుగా కనపడాలని. దానికి 'సీ' అని ఒక మెథడ్ ఉంది, కొత్త వరసను దానికిస్తే అక్కడిదాకా తనే జరుగుతుంది. ఒక్క లైను రాశాను. ఆ తర్వాత ఆ సీజన్ మొత్తం ఆయన స్క్రోల్‌బార్ ముట్టుకున్నట్టు నేను చూడలేదు.