దూరం చూసి వేసే రంగు

శ్రోతలందరికీ నమస్కారం. కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున మన గంజాం జిల్లా చెరువుల్లో, ఏరుల్లో వదిలే బొమ్మ పడవలు, అవే బోయితలు, మీకు తెలిసినవే. అరటి దొప్ప, రంగు కాగితాలు, జిగేలుమనే జరీ, మధ్యలో దీపం. అవి ఎంత మెరిస్తే అంత అందం. నేనివాళ మాట్లాడబోయేది మాత్రం మెరవకూడని ఓడల గురించి. బల్ల మీద పెట్టుకునే చిన్న మోడల్ ఓడకి, నిజం ఓడే అనిపించేట్టు రంగు వెయ్యడం ఎలా అన్నదే సంగతి.

ముందొక లెక్క. ఈ మోడళ్ళలో బాగా వాడుకలో ఉన్న స్కేలు 700లో ఒక వంతు. 1971లో జపాన్ కంపెనీలు నాలుగు కలిసి, నీటి మట్టం పైభాగం వరకే ఉండే ఓడల వరస ఒకటి ఈ స్కేల్లో మొదలుపెట్టాయి. అప్పట్నుంచీ అది స్థిరపడిపోయింది. మన మొదటి విమానవాహక నౌక విక్రాంత్ పొడవు 700 అడుగులు. అంటే దాని మోడల్ అడుగు పొడవుంటుంది. దాన్ని కంటికి అడుగు దూరంలో పెట్టి చూస్తే, అసలు ఓడని 700 అడుగుల అవతల నుంచి చూసినట్టు. కిటుకంతా ఇక్కడే ఉంది. ఆ మధ్యలో గాలి ఉంది, గాలిలో తేమ, దుమ్ము ఉన్నాయి. అవి రంగుని పలచబరుస్తాయి. నలుపు ముదురు బూడిదలోకి దిగుతుంది, తెలుపు కాస్త మాస్తుంది. డబ్బాలో ఉన్న రంగు ఉన్నట్టుగా పూస్తే, ఎంత నేర్పుగా పూసినా అది ఆటబొమ్మే.

నమ్మకం కుదరకపోతే ఓ సాయంత్రం గోపాల్‌పూర్ వెళ్ళండి. ఒడ్డునున్న పడవ పక్కన నిలబడి దాని అంచున పూసిన నలుపు చూడండి. తర్వాత తలెత్తి, పోర్టు వైపు వచ్చే సరుకు ఓడ ఏదైనా ఉంటే దాని నలుపు చూడండి. ఆ తేడా కళ్ళలో ఉండగానే ఇంటికొచ్చి రంగు కలుపుకోవాలి. రంగుల చార్టుల కన్నా ఆ ఒడ్డునే నేను ఎక్కువ నమ్ముతాను.

గోపాల్‌పూర్ అనుకున్నాం కాబట్టి రంగం ఓడల మాట ఎత్తకుండా ఉండలేను. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ స్టీమర్లు ఇక్కడా, కళింగపట్నంలో, భీమిలిలో, విశాఖలో జనాన్ని ఎక్కించుకుని రంగం, అంటే రంగూన్ పోయేవి. నల్లటి ఓడ, దాని చుట్టూ సన్నటి తెల్ల గీత, నల్ల పొగగొట్టం మీద జంట తెల్ల పట్టీలు. కిట్ దొరక్కపోతే అట్టతోనో మెత్తటి చెక్కతోనో కట్టుకోవచ్చు. మన బల్లల మీద యుద్ధనౌకల కన్నా ముందు ఉండాల్సింది ఇదే.

ఇలాంటి ఓడకి నలుపు నేరుగా వాడొద్దు. ముదురు బూడిదలో చిటికెడు గోధుమ రంగు కలపండి. తెలుపులోనూ ఓ చుక్క బూడిద పడాలి. నీటి గీత కింద కనపడే ఎరుపుతో మాత్రం జాగ్రత్త. నాచూ గుల్లలూ పట్టకుండా పూసే రంగు అది. రాగి ఆక్సైడు వల్ల దానికా కావి ఛాయ. దాన్ని పలచబరచాలని తెలుపు కలిపితే గులాబీ రంగు వస్తుంది. తెలుపు బదులు లేత ఇటుక రంగు గానీ కొంచెం బూడిద గానీ కలపండి.

రంగు పాలంత పలచగా ఉండాలి. మిల్లీమీటరులో పదో వంతు మందం పూత పడిందంటే, అసలు ఓడ మీద అది ఏడు సెంటీమీటర్ల గచ్చు! రెండు మూడు పలచటి పూతలు, ఒకటి ఆరాకే ఇంకొకటి.

పొగగొట్టం పట్టీలు చేత్తో గీస్తే వంకర పోతాయి. ముందు గొట్టమంతా తెలుపు వేసి బాగా ఆరనివ్వండి. మాస్కింగ్ టేపుని గాజుపలక మీద అంటించి, బ్లేడుతో మిల్లీమీటరు పైచిలుకు వెడల్పున రెండు పీలికలు కోయండి. గొట్టం చుట్టూ తిప్పి, అంచుల్ని గోరుతో నొక్కండి. వెంటనే నలుపు వెయ్యొద్దు. టేపు అంచుల మీద మళ్ళీ తెలుపే ఒకసారి రాయండి. సందులుంటే తెలుపే దూరి వాటిని మూసేస్తుంది, నలుపుకి దారుండదు. ఆ తర్వాత నలుపు వేసి, అది పూర్తిగా బిగియకముందే టేపుని వెనక్కి మడిచి మెల్లగా లాగండి.

తుప్పు విషయంలో మన వాళ్ళకి చెయ్యి ఆగదు. ఓడ మొత్తం తుప్పు పట్టించేస్తారు. నౌకాదళం ఓడకి ఎప్పటికప్పుడు రంగు పడుతూనే ఉంటుంది, దానికి తుప్పు మరకలు తక్కువే ఉండాలి. సరుకు ఓడకైతే లంగరు గొలుసు దిగే కన్నం కింద, నీళ్ళు కారే తూముల కింద పెట్టండి. తుప్పు రంగు చిన్న చుక్క పెట్టి, అది ఆరేలోపు తడి మాత్రమే ఉన్న కుంచెతో నిట్టనిలువుగా కిందికి లాగాలి. నీళ్ళు పక్కకి కారవు కదా. తలవెంట్రుక మందం గీతంటే అసలు ఓడ మీద అయిదు సెంటీమీటర్ల చార, అంతకు మించొద్దు.

డెక్కుకి చెక్క అనగానే గోధుమ రంగు డబ్బా తీస్తారు. ఆ కాలపు ప్రయాణికుల ఓడల డెక్కులు ఎక్కువగా టేకువి. ఎండకీ ఉప్పునీళ్ళకీ టేకు వెలిసి బూడిద తిరుగుతుంది. లేత గచ్చకాయ రంగులో కొంచెం పసుపు ఛాయ చాలు. పలకల మధ్య గీతలు ఆ దూరానికి ఆనవు, గీయకండి. దాని బదులు డెక్కు మీద మనుషుల్ని పెట్టండి. మనిషంటే రెండున్నర మిల్లీమీటర్ల లోపే. తెల్ల పంచె ఒక చుక్క, తల ఒక చుక్క.

చివర్న మ్యాట్ వార్నిష్ స్ప్రే తప్పనిసరి, మెరుపు చంపేది అదే. కానీ మన తీరంలో వానాకాలం గాలి తడిబట్టే. స్ప్రేలోని ద్రవం చటుక్కున ఆవిరైపోతూ పూతని చల్లబరుస్తుంది, గాలిలో తేమ దాని మీద చేరి తెల్లటి పొర కట్టేస్తుంది. కాబట్టి ఆషాఢ శ్రావణాల్లో ఓడ కట్టుకోండి, రంగులు వేసుకోండి. వార్నిష్ మాత్రం పుష్యమాసం దాకా ఆపి, ఎండ కాసే మధ్యాహ్నం పూట, ముక్కుకి గుడ్డ కట్టుకుని ఆరుబయట కొట్టండి. సెలవు.