శుక్లాల ఆపరేషన్ అయ్యాక చుక్కల సీసా అమ్మ చేతికే ఇవ్వండి

[దృశ్యం: చిక్కడపల్లిలో ఒక ఇల్లు. కిటికీ పక్కన బల్ల మీద రెండు చుక్కల మందు సీసాలు. ఒకదానికి ఎర్ర రబ్బరు బ్యాండు.]

నమస్కారం. మా అమ్మకి కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన రెండో రోజు, ఆరేసిన తెల్లచీర కొంగు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఇది ఇంత తెల్లగా ఉండేదా?" అంది. ఎడమకన్ను మూసి చూసింది, కుడికన్ను మూసి చూసింది. ఎడమకంటికి అదే చీర టీ ఒలికినట్టు కనిపిస్తోంది.

కారణం ఉంది. వయసుతో పాటు కంట్లోని సహజమైన లెన్సు మసకబారుతుంది, పసుపు రంగుకి తిరుగుతుంది. అదే శుక్లం. ఆపరేషన్‌లో దాన్ని తీసి కొత్త లెన్సు పెడతారు. కొన్నాళ్లు అన్నీ కాస్త నీలంగా అనిపిస్తాయి, కంగారు పడకండి.

[దృశ్యం: కన్ను బొమ్మ. నల్లగుడ్డు అంచున చిన్న గాటు.]

ఫేకో పద్ధతిలో, అంటే శుక్లాన్ని అల్ట్రాసౌండ్‌తో ముక్కలు చేసి పీల్చేసే పద్ధతిలో, గాటు 2 నుంచి 3 మిల్లీమీటర్లే. మామూలుగా కుట్లు అక్కర్లేదు, దానంతట అదే మూసుకుంటుంది. కుట్లు లేవు కదా అని గాయమే లేదనుకోకండి. అది గట్టిపడేదాకా కన్ను నలపకూడదు. నిద్రలో చెయ్యి తగలకుండా రాత్రిళ్లు ప్లాస్టిక్ కవచం పెట్టుకోమంటారు.

మాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది చుక్కల మందు. ఆసుపత్రి వాళ్లిచ్చిన కాగితం అంతా ఇంగ్లీషులోనే ఉంది. అమ్మకి తెలుగు తప్ప రాదు. తన కంటి సంగతి తానే చదువుకోలేకపోవడం నాకు చాలా బాధనిపించింది. అందుకే వాపు తగ్గించే స్టెరాయిడ్ మందు సీసాకి ఎర్ర రబ్బరు బ్యాండు వేశాం. గోడ మీద తెలుగులో పెద్దక్షరాలతో టైములు రాసి అతికించాం.

[దృశ్యం: దగ్గరగా. వెల్లకిలా పడుకున్న అమ్మ. వేలు కింది రెప్పని లాగుతోంది.]

ముందు చేతులు సబ్బుతో కడగాలి. కలపమని రాసున్న మందైతే సీసా బాగా ఊపాలి. కూర్చుని వేసుకుంటే చెయ్యి వణుకుతోందని అమ్మ పడుకుని వేసుకునేది. కింది రెప్పని మెల్లగా లాగితే చిన్న సంచిలా ఏర్పడుతుంది. పైకి చూస్తూ ఆ సంచిలో ఒక్క చుక్క. సీసా మూతి రెప్పకి గానీ, వెంట్రుకలకి గానీ తగలకూడదు. తర్వాత కన్ను మూసి, ముక్కు పక్కన కంటి మూలని ఒకటి రెండు నిమిషాలు మెల్లగా అదమాలి. లేకపోతే మందు గొంతులోకి దిగి చేదు తగులుతుంది. రెండో మందు 5 నిమిషాలు ఆగాక. స్టెరాయిడ్ చుక్కల్ని కొన్ని వారాల పాటు తగ్గించుకుంటూ వస్తారు. బాగానే కనిపిస్తోంది కదా అని మధ్యలో మానేయకండి.

మొదటి మూడు రోజులు నేనే వేశాను. నాలుగో రోజు సీసా అమ్మ చేతికిచ్చి పక్కన కూర్చున్నాను. రెండు చుక్కలు చెంప మీద పడ్డాయి, మూడోది కంట్లో పడింది. "పడింది!" అంది చిన్నపిల్లలా.

తలస్నానం మాత్రం డాక్టర్ సరే అనేదాకా వద్దు. పండగొచ్చినా సరే. కుంకుడు రసం ఆ కంట్లో పడితే ఏమవుతుందో వేరే చెప్పాలా? పోపు పొగకీ, చిట్లే ఆవాలకీ కూడా కొన్నాళ్లు దూరం.

[దృశ్యం: తెర నిండా ఎర్ర అక్షరాలు.]

ఇది జాగ్రత్తగా వినండి. నొప్పి పెరుగుతున్నా, కన్ను బాగా ఎర్రబడినా, చీము కారినా, వచ్చిన చూపు మళ్లీ తగ్గినా తెల్లారేదాకా ఆగకండి. లోపల ఇన్ఫెక్షన్ అయితే గంటలు కూడా లెక్కే. ఆపరేషన్ చేసిన చోటికే పరుగెత్తండి. కొత్తగా మెరుపులు, నల్లటి చుక్కల జల్లు, తెర దిగినట్టు నీడ కనిపించినా అంతే.

మాకు ఎవరూ చెప్పనిది ఇంకోటుంది. ఒక కన్ను బాగుపడి, రెండోది మసగ్గానే ఉన్నప్పుడు లోతు సరిగ్గా అందదు. అమ్మ టీ పోస్తుంటే గ్లాసు పక్కన పడేది, చివరి మెట్టు తప్పేది. మెట్ల అంచులకి పసుపు టేపు వేశాం. టీ గిన్నె మాత్రం లాక్కోలేదు, సింకులో గ్లాసు పెట్టి పోసుకోమన్నాం. ఇక్కడే చాలా ఇళ్లలో ప్రేమతోనే పొరపాటు చేస్తాం. చూపు వచ్చాక కూడా కూరగాయలు మనమే తరుగుతాం, ఫోన్ మనమే కలిపిస్తాం, బయటికి ఒంటరిగా పంపం. కన్ను కోలుకున్నా మనిషి కుర్చీలోనే ఉండిపోతుంది.

అమ్మకి వేసింది దూరానికి సరిపోయే లెన్సు. దగ్గర చదవడానికి కళ్లద్దాలు కావాలి. చూపు స్థిరపడ్డాక, అంటే సుమారు నాలుగు నుంచి ఆరు వారాలకి, కొలత తీస్తారు.

[దృశ్యం: సాయంత్రం. చిక్కడపల్లి వీధి. చేతిసంచితో అమ్మ వెనక నుంచి.]

అద్దాలొచ్చిన వారం త్యాగరాయ గానసభలో కచేరీ ఉంది. "నేనొక్కదాన్నే వెళ్తాను, నువ్వు రాకు" అంది. వీధి మలుపు దాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. రోడ్డు దాటే ముందు ఆగింది, రెండు వైపులా చూసింది, దాటింది. వెనక్కి తిరగలేదు.