గరిటె పెట్టని వంట

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న నా తోటి పింఛనుదారులకు, వెనక నిలబడ్డ పిల్లలకు నమస్కారం. నాకు ఇరవై నిమిషాలన్నారు. అందులో ఆరు నిమిషాలు శాలువాలకే సరిపోయాయి. మిగిలిన పేర్లు చదవను, క్షమించాలి.

గ్రంథాలయ వారోత్సవాల్లో నాయకత్వం మీద చైనా తత్త్వం ఎందుకని కరపత్రం చూసి ఒకరిద్దరు అడిగారు. ఆ తత్త్వానికి ఆదిగురువని చెప్పే లావోజు మనవాడండీ. క్రీ.పూ. 100 ప్రాంతంలో చరిత్ర రాసిన సీమా చియెన్ ఆయన ఉద్యోగం ఏమని రాశాడో తెలుసా? చైనాను పూర్వం ఏలిన జౌ రాజుల భాండాగారంలో గ్రంథాలూ పత్రాలూ చూసుకోవడం. అసలు అలాంటి మనిషి ఉన్నాడా లేడా అని పండితులు ఇప్పటికీ తగువులాడుకుంటున్నారు, ఆడుకోనివ్వండి. రాజ్యం క్షీణిస్తోందని విసిగి ఆయన వెళ్లిపోతుంటే, కనుమ దగ్గర కాపలా అధికారి ఆపి, పోయేవాడివి నీకు తెలిసింది రాసిచ్చి పొమ్మన్నాడట. అలా రాసిచ్చిందే తావో తె చింగ్. 81 చిన్న చిన్న అధ్యాయాలు, సుమారు ఐదు వేల చైనా అక్షరాలు. అరువు తీసుకుపోయినవాళ్ల ఇళ్లకు తిరిగి పుస్తకాలు వసూలు చేసిన వాణ్ణి నేను. ఊరు విడిచి పోయేవాడి దగ్గర రాయని పుస్తకం వసూలు చేసిన ఉద్యోగి మాత్రం ఆయనొక్కడే.

ఇంకొక్క మాట చెప్పి విషయంలోకి వస్తాను. 1973లో చాంగ్షా నగరం దగ్గర మవాంగ్‌దుయ్‌లో ఒక సమాధి తవ్వితే, లక్క పెట్టెలో పట్టుగుడ్డ మీద రాసిన ఈ గ్రంథం ప్రతులు రెండు దొరికాయి. సమాధి మూసింది క్రీ.పూ. 168లో. రెండు వేల వంద ఏళ్లు దాటినా అక్షరాలు చదవగలిగారు. నేను మూడో బీరువాను ఒక్క వానాకాలం దాటించలేక ఎన్ని వేపాకులు పరిచానో నాకు తెలుసు.

సరే, నాయకత్వం. పెద్ద రాజ్యాన్ని ఏలడం చిన్న చేపలు వండడం లాంటిదని 60వ అధ్యాయంలో ఉంది. మన వంటిళ్లలో దీనికి వ్యాఖ్యానం అక్కర్లేదు. చేపల పులుసు ఉడుకుతుంటే గరిటె పెడతారా అమ్మా? పెట్టరు. మసిగుడ్డతో గిన్నె అంచులు రెండు వైపులా పట్టుకుని ఒక్కసారి కుదుపుతారు. తొందరపడి కలియబెడితే ముల్లూ కండా ఏకమై ఏది చేపో ఏది పులుసో తెలియదు. 1988లో అమెరికా అధ్యక్షుడు రీగన్ కాంగ్రెసు ముందు చేసిన వార్షిక ప్రసంగంలో ఈ మాటే చెప్పాడు. సొంత గిన్నె సంగతి ఆయన బాగానే చెప్పాడు, పక్క దేశాల గిన్నెల్లో ఆయన పెట్టిన గరిటెల మాట ఇప్పుడెందుకు.

దీన్నే ఆ తత్త్వవేత్తలు వు వెయ్ అంటారు. తెలుగులో ‘చేయకపోవడం’ అని రాసేసరికి మన ఆఫీసుల్లో చాలామంది తాము జ్ఞానులమనుకునే ప్రమాదం ఉంది. ఫైలు మీద ఫైలు పెట్టి కూర్చోవడం వు వెయ్ కాదు. త్సావో షెన్ కథ వినండి. క్రీ.పూ. 221లో చైనానంతా ఒక్కటి చేసిన చిన్ వంశం శాసనాలతో జనాన్ని ఊపిరాడనివ్వక, పదిహేనేళ్లకే కూలింది. తర్వాత వచ్చిన హాన్ వంశానికి యుద్ధాలు గెలిచిపెట్టిన సేనాని ఈ త్సావో షెన్. ఒంటి మీద డెబ్బై గాయాలు. సోమరి అనడానికి వీల్లేదు. క్రీ.పూ. 193లో ప్రధానమంత్రి షియావో హె చనిపోతే ఆ పదవి ఇతనికి వచ్చింది. వచ్చాక ఒక్క నియమమూ మార్చలేదు. పగలూ రాత్రీ తాగుతూ కూర్చున్నాడు. సలహా చెప్పడానికి ఎవరొచ్చినా నోరు తెరవనీయకుండా వాళ్లకూ పోసేవాడు. పెరటి తోట పక్కన గుమాస్తాలు తాగి పాటలు పాడుతున్నారని, ప్రధాని విని మందలిస్తాడని పరివారం ఆయన్ను తోటలోకి తీసుకెళ్తే, తనకూ మద్యం తెప్పించుకుని ఇటునుంచి పాట ఎత్తుకున్నాడు!

కుర్ర చక్రవర్తికి కంగారు పుట్టి, ఇలా తాగుతూ కూర్చుంటే రాజ్యం సంగతేమిటని త్సావో షెన్ కొడుకు చేతే అడిగించాడు. కొడుక్కి రెండు వందల దెబ్బలు పడ్డాయి. కలియబెట్టకూడదనే సూత్రం ఇంట్లో పనిచేయలేదన్న మాట. చివరికి చక్రవర్తే నిలదీశాడు. త్సావో షెన్ టోపీ తీసి అడిగాడు: ‘ప్రభూ, మీరు గొప్పా, మీ తండ్రిగారు గొప్పా?’ ‘ఆయనతో నాకు పోలికేమిటి?’ ‘నేను గొప్పా, షియావో హె గొప్పా?’ ‘నువ్వు కాస్త తక్కువే అనిపిస్తుంది.’ ‘వాళ్లు కట్టి ఇచ్చిన చట్టాలు ఉన్నాయి. మనం చెడగొట్టకుండా చూసుకుంటే చాలదా?’ చక్రవర్తి సరేనన్నాడు. ఇది పాడు చేయడానికి ఎవరికైనా తెలివి చాలు, పాడు చేయకుండా ఉండడానికి...

ఆ వాక్యం వదిలేస్తాను. నేను చెప్పాలని వచ్చింది వేరే ఉంది.

లావోజు బాటలోనే నడిచిన చువాంగ్‌జు గ్రంథంలో హుందున్ అని నడిమి దేశపు రాజు ఉన్నాడు. ముఖాన కన్నూ ముక్కూ చెవీ ఏ రంధ్రమూ లేదు. ఉత్తర సముద్రపు రాజు, దక్షిణ సముద్రపు రాజు అతని ఆతిథ్యానికి మురిసిపోయి, పాపం అందరికీ ఉన్న ఏడు రంధ్రాలు ఇతనికి లేవే, మేలు చేద్దామని రోజుకొకటి తొలిచారు. ఏడో రోజు హుందున్ చచ్చిపోయాడు. కథ అంతే.

ఇరవై ఆరేళ్ల వయసులో నాకు మొదటి శాఖా గ్రంథాలయం అప్పగించారు. పొద్దున ఏడున్నరకు దర్జీ ఒకాయన మెడలో టేపుతోనే వచ్చి, కిటికీ పక్క బల్ల మీద పత్రిక పరిచి పైకి చదివేవాడు. మిల్లు హమాలీలు, రిక్షా కార్మికులు, కూరలమ్మే ఒక ముసలమ్మ, పది పన్నెండు మంది నేల మీద కూర్చుని వినేవారు. మిర్చి ధర చదివితే నిట్టూర్పులు, రాజకీయం చదివితే తిట్లు. ఒక హమాలీ అయితే వేలితో పెద్ద అక్షరాల శీర్షికలు తడుముతూ ‘ఇది వానే కదా?’ అని అడిగేవాడు. వర్షం వార్త అన్న మాట.

శిక్షణలో నేర్చుకున్నది నాకు గుర్తొచ్చింది. సొంత డబ్బుతో బోర్డులు రాయించాను. ‘నిశ్శబ్దం పాటించండి’. ‘నేల మీద కూర్చోరాదు’. ‘చెప్పులు బయట విడవండి’. ‘సంతకం చేసి లోపలికి రండి’. ఏడు కావు, నాలుగే. కథ కోసం లెక్క పెంచను. సంతకం బోర్డుతో సగం మంది పోయారు, ఎందుకో నాకు అప్పుడు తట్టలేదు. నెల తిరిగేసరికి గది అద్దంలా ఉంది. తనిఖీకి వచ్చిన అధికారి మెచ్చుకున్నారు కూడా.

ఆ శ్రావణంలో నాకు టైఫాయిడ్. మూడు వారాలు మంచం. మా అటెండరే తలుపులు తీసి వేశాడు. తిరిగి వచ్చిన రోజు గుమ్మంలోనే దర్జీ గొంతు వినిపించింది, సరిగ్గా ‘నిశ్శబ్దం’ బోర్డు కింద నుంచి. సంతకాల పుస్తకం కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం పెట్టి ఉంది. జనం ఇరవైకి తగ్గరు. హమాలీ నన్ను చూసి జరిగి చోటిచ్చి, ‘సారూ, మీరు ఊళ్లో లేరా ఇన్నాళ్లూ?’ అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అవమానం. తావో తె చింగ్ 17వ అధ్యాయం చదివింది ఆ తర్వాత పదకొండేళ్లకు. జనం తిట్టుకునే పాలకుడు అట్టడుగున, భయపడే పాలకుడు ఆ పైన, ప్రేమించి పొగిడే పాలకుడు ఇంకా పైన. అందరికన్నా పైవాడు, ఉన్నాడని జనానికి తెలిసీ తెలియనివాడు. పని పూర్తయితే అంతా మనమే చేసుకున్నాం అనుకుంటారట. నన్ను ఆ మెట్టు మీద టైఫాయిడ్ కూర్చోబెట్టింది, నేను కాదు.

అమ్మా, అయ్యా, పిల్లలూ, మీలో ఎంతమందికి చదివి వినిపించేవాళ్లు ఉన్నారు? చేతులెత్తకండి, ఊరికే అడిగాను.

చీటీ వచ్చింది. ముగిస్తున్నాను. కొత్త పఠన మందిరం చాలా బాగుంది, ఫ్యాన్లు బాగున్నాయి. వస్తూ వస్తూ గోడ మీద ‘నిశ్శబ్దం’ బోర్డు చూశాను, ఇంకా రంగు వాసన పోలేదు. అధ్యక్షుల వారు ఏమీ అనుకోనంటే ఒక మాట. కదిపి చూశాను, మేకు వదులుగానే ఉంది.