సాయంత్రానికి అయిపోయే పని

అందరికీ నమస్కారమండి.

మన మార్టేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన స్వర్ణ వరి, అదే ఎంటీయూ 7029, నారు పోసిన దగ్గర్నుంచి కోతకు రావడానికి దాదాపు 150 రోజులు పడుతుంది. పొడుగు రకం కొబ్బరి మొక్క పాతితే కాపు కోసం ఆరేడేళ్లు చూడాలి. పిల్లల చదువైనా, అప్పు తీరడమైనా అంతే. డెల్టాలో కష్టం ఒక చోట ఉంటుంది, ఫలితం ఎక్కడో దూరాన ఉంటుంది. ఆ మధ్యకాలమంతా మనసుకు తిండేమిటన్నదే ఇవాళ్టి మాట. రాత్రి నడుం వాల్చేటప్పుడు "ఒళ్లు హూనమైంది, ఏం చేశానో తెలీదు" అనిపిస్తుంది చూశారా, అప్పుడు మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. చేసినవాటిలో ఏదీ పూర్తయినట్టు కంటికి కనబడలేదు, అంతే.

తెరెసా అమబిలె, స్టీవెన్ క్రేమర్ అనే పరిశోధకులు 238 మంది ఉద్యోగులు ఏ రోజుకారోజు రాసిన దాదాపు 12,000 డైరీ నమోదులు పరిశీలించారు. మనసు బాగున్న రోజుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనబడింది ఒకటే: తాము విలువైనదనుకున్న పని ఆ రోజు కొంచెమైనా ముందుకు కదలడం. అందుకే రోజూ సాయంత్రానికి అయిపోయే చిన్న పని ఒకటి ఎంచుకోమంటున్నాను.

ఆత్రేయపురంలో పూతరేకు తీసే చేతిని గమనించండి. పలచటి బియ్యప్పిండిలో గుడ్డ ముంచి, కింద మంట ఉన్న బోర్లించిన కుండ మీద లాగుతారు. క్షణాల్లో రేకు లేస్తుంది. పిండి చిక్కనైతే మందంగా వస్తుంది, కుండ వేడి కుదరకపోతే చిరుగుతుంది. తప్పెక్కడో అప్పుడే తెలిసిపోతుంది కాబట్టి తర్వాతి రేకుకు దిద్దుకోవచ్చు. మీరు ఎంచుకునే పని కూడా అలాగే ఉండాలి. ఎక్కడ అయిపోతుందో తెలియాలి, ఫలితం వెంటనే కనబడాలి, అది పూర్తిగా మీ చేతిలో ఉండాలి.

"ఇల్లు సర్దాలి" అనేది పని కాదండి, దిగులు. "వంటింటి గూట్లో పై అర సర్దాలి" అనండి, అది పని. "రోజూ నడవాలి" బదులు "కాలవ గట్టెమ్మట లాకుల దాకా వెళ్లి రావాలి" అనుకోండి. పది నుంచి ఇరవై నిమిషాల్లో తేలిపోవాలి. దాన్ని రోజూ ఎలాగూ చేసే పనికి ముడిపెట్టండి. పొద్దున్న కాఫీ గ్లాసు కడిగి బోర్లించగానే బీరపాదు దగ్గరికి వెళ్లడం, అలా. "తీరికున్నప్పుడు" అని పెట్టుకుంటే ఆ తీరిక రాదు.

ప్రతి పనికీ రెండు కొలతలు పెట్టుకోండి. ఇది చాలామంది వదిలేస్తారు, అక్కడే దెబ్బతింటారు. మంచి రోజున కొబ్బరి మట్ట మొత్తానికీ ఈనెలు గీకుతారు. జ్వరం వచ్చిన రోజునో, గోదారికి వరదొచ్చి లంకలో ఇల్లు ఎత్తు మీదికి మార్చిన రోజునో పది ఆకులు చాలు. ఆ పది ఆకులూ లెక్కే. అలవాటు కుదరడం మీద 96 మందితో జరిగిన ఒక అధ్యయనంలో మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, మరికొందరికి 254 దాకా అంచనా వేశారు. మధ్యలో ఒక్కరోజు తప్పినంత మాత్రాన అలవాటు చెదరలేదు. తప్పిన రోజు చూసుకుని "ఇక నావల్ల కాదు" అని మానేసేవాళ్లే ఎక్కువ. మొదటి వారమే అయిదు పనులు నెత్తినేసుకోవడం మరో పొరపాటు. ఒక్కటి చాలు. రెండు మూడు వారాలు నిలిచాక రెండోది కలపండి. ఎరువుల కొట్టు ధర, కోడలి ముఖంలో నవ్వు లాంటివి మీ కొలతలోకి తేకండి, అవి మీ చేతిలో లేవు. ఫొటో పెట్టి నలుగురి మెప్పు కోసం ఎదురుచూసినా అంతే, మీ పని తాళం వేరొకరి బొడ్లోకి వెళ్లిపోతుంది.

పని అయ్యాక అర నిమిషం ఆగి దానివంక చూడండి. తర్వాత గోడ క్యాలెండరులో ఆ తేదీ గడిలో అయిపోయిన మాటగా రాయండి: "పాదుకు పందిరి కట్టాను." ఒక వారం పాటు పక్కన రెండు అంకెలు కూడా వెయ్యండి. సాధించానన్న భావం పదికి ఎంత, హాయి పదికి ఎంత? ఇత్తడి బిందె చింతపండుతో తోమితే మొదటిది ఎనిమిది, రెండోది మూడు రావచ్చు. అరుగు మీద కబుర్లకు తిరగబడొచ్చు. వారం చివర చూస్తే మీ రోజుల్లో ఏది కరువో తెలుస్తుంది. రెండూ కావాలి.

మనసు బాగాలేనప్పుడు "ఉత్సాహం వచ్చాక చేద్దాం" అని కూర్చోకండి. దిగులు జబ్బుకు చేసే చికిత్సలో కూడా పని ముందు, ఉత్సాహం వెనక అనే క్రమాన్నే వాడతారు. అయితే దిగులు రెండు వారాలు దాటినా వదలక, నిద్ర, ఆకలి చెడితే చిన్న పనులతో నెట్టుకురావద్దు. డాక్టరును కలవండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్‌కు 14416 నంబరులో ఫోన్ చెయ్యండి. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న కాగితం మీద రేపటి పని ఒక్క వాక్యంలో రాసి పక్కవారికి వినిపించండి. వాళ్లు ఒకటే అడగాలి: "అయిపోయిందని దేన్ని చూసి చెబుతారు?" చెప్పడానికి తడుముకుంటే పని ఇంకా పెద్దది. సగానికి కోసి మళ్లీ రాయండి. పది నిమిషాలు టైమిస్తాను.