ఓడని జట్టును ఎందుకు పిలవలేదు? 1951 శాన్ ఫ్రాన్సిస్కో డాన్స్‌పై స్టూడియో చర్చ

(2023 డిసెంబర్‌లో ఫ్లోరిడా స్టేట్ ఆడిన 13 మ్యాచ్‌లూ గెలిచినా అమెరికన్ ఫుట్‌బాల్‌లో కాలేజీల ఛాంపియన్‌ను తేల్చే ప్లేఆఫ్‌కి జట్లను ఎంచే కమిటీ దానికి నాలుగు జట్లలో చోటివ్వలేదు, ఒక మ్యాచ్ ఓడిన అలబామాకు ఇచ్చింది. ఆ గొడవ నడుస్తుండగా శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలోని ఒక తెలుగు స్టూడియోలో జరిగిన చర్చ ఇది. ఒకరి మాటకు ఒకరు అడ్డొచ్చిన చోట్లను సరిదిద్దలేదు.)

మోడరేటర్: నమస్కారం. ఓడని జట్టును పక్కన పెట్టడం ఇదే మొదటిసారి కాదు. మన పక్కనే ఉన్న యూనివర్సిటీ ఆఫ్ శాన్ ఫ్రాన్సిస్కో జట్టు, డాన్స్ అంటారు, 1951లో తొమ్మిదికి తొమ్మిది గెలిచింది. ఏ బౌల్‌లోనూ ఆడలేదు. సీజన్ అవగానే ఆ కాలేజీ తన ఫుట్‌బాల్ జట్టునే ఎత్తేసింది. ముగ్గురికీ సమాన సమయం ఇస్తాను. ప్రొఫెసర్ గారూ, ముందు బౌల్ అంటే ఏమిటో చెప్పండి.

ప్రొఫెసర్: సీజన్ అయ్యాక జనవరి ఒకటో తేదీ ప్రాంతంలో జరిగే ఆహ్వాన మ్యాచ్‌లండీ. మయామీలో ఆరెంజ్ బౌల్, న్యూ ఆర్లీన్స్‌లో షుగర్ బౌల్, ఇలా. ఆ రోజుల్లో ఎవరిని పిలవాలన్నది చాలావరకు ఆ నిర్వాహకుల ఇష్టంగా ఉండేది. అప్పట్లో దక్షిణాదిలో తెల్లవాళ్లూ నల్లవాళ్లూ కలిసి...

లాయర్: అసలు సంగతి అక్కడే ఉంది మేడమ్, నేను చెప్తాను. జట్టులో ఇద్దరు నల్లజాతి ఆటగాళ్లు. ఆలీ మ్యాట్సన్, బర్ల్ టోలర్. వాళ్లిద్దరినీ ఇక్కడే వదిలేసి వస్తే పిలుస్తామన్నారు బౌల్ వాళ్లు. మిగతావాళ్లు అలాగైతే మేమూ రామన్నారు. ఓటింగ్ కూడా పెట్టుకోలేదు. ఇరవై ఏళ్ల కుర్రాళ్లండీ! వాళ్ల జీవితంలో అంతకంటే పెద్ద మ్యాచ్ వస్తుందో రాదో తెలియదు.

మోడరేటర్: నా ప్రశ్న డబ్బు గురించి. కాలేజీ నష్టాల్లో ఉంది. బౌల్‌కి వెళ్లుంటే ఆ డబ్బుతో జట్టు నిలబడేది కదా?

లాయర్: డబ్బు తర్వాత మాట్లాడదాం సార్...

స్పోర్ట్స్ విలేకరి: నాకు ఒక్క నిమిషం ఇవ్వండి. జాతి వివక్ష లేదని నేను అనను. కానీ డాన్స్ ఆడిన మ్యాచ్‌లు కూడా చూడాలి. క్యాంప్ పెండిల్టన్ మెరైన్లతో ఒకటి, శాన్ డియేగో నేవీ వాళ్లతో ఒకటి, శాన్ హోసే స్టేట్‌తో రెండుసార్లు. అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ ఇచ్చే దేశవ్యాప్త ర్యాంకింగ్‌లో వీళ్లు 14. ఆరెంజ్ బౌల్‌కి వెళ్లిన జార్జియా టెక్ ఐదు, బేలర్ తొమ్మిది. కమిటీ చెప్పుకునే కారణం...

లాయర్: చెప్పుకునే కారణం! మీ నోటితో మీరే అన్నారు. కాలేజ్ ఆఫ్ ద పసిఫిక్‌ని డాన్స్ 47-14తో చిత్తు చేసింది. ఆ ఓడిన జట్టుకి సన్ బౌల్ పిలుపొచ్చింది! ఓడినవాడికి పిలుపు, ఓడించినవాడికి లేదు. దీన్ని షెడ్యూల్ అంటారా?

విలేకరి: సన్ బౌల్ స్థాయి వేరు సార్. ఆరెంజ్ బౌల్‌తో పోల్చకూడదు. అక్కడ కూడా పసిఫిక్ జట్టు టెక్సస్ టెక్ చేతిలో 25-14తో ఓడింది.

లాయర్: న్యూయార్క్‌లో ఫోర్డమ్‌ని 32-26తో ఓడించారు. ఆ మ్యాచ్‌లో మ్యాట్సన్ రెండు కిక్‌ఆఫ్‌లు, అంటే ఎదుటి జట్టు తన్నిన బంతులు, పట్టుకుని దాదాపు మైదానం ఈ చివర నుంచి ఆ చివరికి పరిగెత్తి, గీత దాటి టచ్‌డౌన్ చేశాడు. సీజన్ మొత్తం బంతితో 1,566 గజాలు పరిగెత్తాడు, దేశంలో అతనే మొదటివాడు. 21 టచ్‌డౌన్‌లు. బలహీనమైన షెడ్యూల్ అంటే నేనొప్పుకోను. ఆ జట్టులోంచి ముగ్గురు, మ్యాట్సన్, జీనో మార్కెట్టీ, బాబ్ సెయింట్ క్లెయిర్, ప్రో (ప్రొఫెషనల్) ఫుట్‌బాల్ దిగ్గజాల జాబితా, హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నారు. ఒక్క కాలేజీ, ఒక్క సీజన్, ముగ్గురు!

మోడరేటర్: వాళ్ల ప్రచారం చూసుకున్న కుర్రాడు పీట్ రోజెల్ కూడా తర్వాత ప్రో ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌కి కమిషనర్ అయ్యాడు, అవునా? అతనికి డబ్బు సంగతి బాగా తెలుసు. అందుకే మళ్లీ అడుగుతున్నాను, బౌల్ డబ్బు...

ప్రొఫెసర్: డబ్బు మాటకొస్తే నేను చెప్పాలి. ఆ ఒక్క మ్యాచ్ డబ్బుతో జట్టు నిలిచేదని నేననుకోను. సెయింట్ మేరీస్, లయోలా, శాంటా క్లారా, ఇవన్నీ కాలిఫోర్నియా క్యాథలిక్ కాలేజీలే. ఆ రెండు మూడేళ్లలో ఇవి కూడా ఫుట్‌బాల్‌ని ఎత్తేశాయి. శాన్ ఫ్రాన్సిస్కో ప్రో జట్టు 49ఎర్స్ 1950లో ఎన్ఎఫ్ఎల్‌లోకి వచ్చారు. కీజార్ స్టేడియంలోనే ఆడేవాళ్లు, డాన్స్ ఆడిన స్టేడియం కూడా అదే. ప్రేక్షకులు అటు...

లాయర్: మేడమ్, దానివల్ల వివక్ష తగ్గిపోతుందా?

ప్రొఫెసర్: తగ్గుతుందని అనలేదండీ. రెండూ నిజమే అంటున్నాను. (ఆమె మాట పూర్తి కాలేదు. చర్చ మొత్తంలో బాగా తూచి మాట్లాడింది ఈవిడే.)

లాయర్: అదే సీజన్‌లో, 1951 అక్టోబర్ 20న, ఓక్లహామాలో ఏమైంది? డ్రేక్ యూనివర్సిటీ నల్లజాతి ఆటగాడు జానీ బ్రైట్. చేతిలో బంతి లేకుండా నిలబడ్డవాడిని కొట్టి దవడ విరగ్గొట్టారు. ఫోటోలు తీశారు కాబట్టి లోకానికి తెలిసింది. వాటికి జర్నలిజం బహుమతి పులిట్జర్ వచ్చింది. కొట్టిన జట్టు కాలేజీ క్షమాపణ చెప్పడానికి 2005 దాకా పట్టింది!

మోడరేటర్: అయ్యో. ఆ ఆటగాడు మళ్లీ ఆడాడా?

లాయర్: కెనడా వెళ్లి గొప్ప పేరు తెచ్చుకున్నాడు. ఇక్కడి ప్రో జట్టు తీసుకున్నా రానన్నాడు.

విలేకరి: మనం డాన్స్ దగ్గరికి వద్దామా? దక్షిణాది అంతా ఒకేలా లేదు. 1948 కాటన్ బౌల్‌లో పెన్ స్టేట్ ఇద్దరు నల్లజాతి ఆటగాళ్లతో డాలస్‌లో ఆడింది, 13-13తో డ్రా. అంటే పిలవాలనుకుంటే...

లాయర్: పిలవాలనుకుంటే పిలవొచ్చు! అంతేగా? అంటే పిలవకపోవడం వాళ్ల నిర్ణయమే. మీరు నా వాదనే చెప్తున్నారు.

విలేకరి: పూర్తి చేయనివ్వండి సార్. నిర్వాహకులను బట్టి...

లాయర్: 1956లో పిట్స్‌బర్గ్ జట్టులో బాబీ గ్రియర్ ఉన్నాడని, షుగర్ బౌల్‌కి జార్జియా టెక్ వెళ్లకూడదని జార్జియా గవర్నరే అడ్డుపడ్డాడు. అక్కడి విద్యార్థులు రోడ్డెక్కి గొడవ చేస్తే జట్టు వెళ్లింది. అది డాన్స్ తర్వాత నాలుగేళ్లకి! ఇంకేం కావాలి రుజువు?

మోడరేటర్: టోలర్ తర్వాత ఏం చేశారు?

ప్రొఫెసర్: మోకాలి గాయంతో ఆట ఆగిపోయింది. శాన్ ఫ్రాన్సిస్కోలోనే టీచరుగా చేసి స్కూలు ప్రిన్సిపాల్ అయ్యారు. 1965లో ఎన్ఎఫ్ఎల్‌లో మొదటి నల్లజాతి అఫీషియల్, అంటే మైదానంలో అంపైర్ లాంటి పని, 1980లో ఆ లీగ్ ఫైనల్ సూపర్ బౌల్‌లో కూడా చేశారు. వాళ్ల కాలేజీ హాస్టల్‌కి ఒకప్పుడు జేమ్స్ ఫీలన్ పేరుండేది. కాలిఫోర్నియాని తెల్లవాళ్ల రాష్ట్రంగానే ఉంచాలన్న నినాదంతో 1920లో సెనేట్‌కి పోటీ చేసిన మనిషి. 2017లో ఆ పేరు తీసేసి టోలర్ పేరు పెట్టారు.

మోడరేటర్: మంచి మాట చెప్పారు. బాస్కెట్‌బాల్‌లో ఇదే కాలేజీ బిల్ రస్సెల్‌తో 1955లో, 1956లో ఛాంపియన్ అయింది కదా. ఫుట్‌బాల్ మీద పెట్టే డబ్బు అటు మళ్లిందా?

విలేకరి: అలా నేరుగా ముడిపెట్టలేం. నేను ఒక్క మాట...

లాయర్: ముడిపెట్టక్కర్లేదు! మళ్లీ డబ్బేనా సార్? ఫ్లోరిడా స్టేట్‌ని తీసుకోకపోవడానికి జట్టు దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్ గాయం అన్నారు. దాని మీద వాదించుకోవచ్చు, అది ఆటకు సంబంధించిన కారణం. డాన్స్‌కి చెప్పింది మనిషి రంగు. ఈ రెండింటినీ ఒక గాట కట్టకండి. మ్యాట్సన్ 1952లో హెల్సింకీ ఒలింపిక్స్‌కి వెళ్లి 400 మీటర్లలో కంచు, రిలేలో వెండి తెచ్చాడు. అమెరికా జెండా కింద పరిగెత్తొచ్చు, మయామీలో మాత్రం ఆడకూడదు. ఇదేం న్యాయం?

మోడరేటర్: విలేకరి గారూ, మీకు ఒక అర నిమిషం.

విలేకరి: ఆ కుర్రాళ్లు చేసింది గొప్ప పని, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ర్యాంకింగ్ ప్రశ్న అలాగే ఉంది. దానికి సమాధానం...

లాయర్: సమాధానం నేనిచ్చాను. 47-14!

ప్రొఫెసర్: నేను ఒకటి అడగొచ్చా? ఆ మిగతా ఆటగాళ్ల గురించి మనం అసలు...

మోడరేటర్: టైమ్ అయిపోయింది మేడమ్, క్షమించండి. లాయర్ గారు బలంగా చెప్పారు, కమిటీలదే తప్పని తేలిందనుకోవచ్చు. అయినా బౌల్ డబ్బు వచ్చుంటే కాలేజీ ఆలోచన మారేదేమో...

విలేకరి: తేలలేదండీ.

లాయర్: తేలింది!

(ఇక్కడ రికార్డింగ్ ఆపేశారు.)