మెడల్ మెడలో పడింది సరే... డబ్బు రోగికి చేరిందా?

క్యాన్సర్ రోగుల కోసం పెట్టే రన్‌కి 500 రూపాయలు కట్టి టీషర్టు తెచ్చుకున్నవాళ్లందరికీ ఒకే మాట: మీరు కట్టింది విరాళం కాదు. ఎంట్రీ ఫీజు!

ఫీజంతా టీషర్టులకే పోతోందని ఒకరు, మంచి పనికి కూడా వంకలు పెడతారా అని ఇంకొకరు. ఈ గొడవ మీకు తెలిసిందే. అసలు లెక్క ఎవరూ చెప్పట్లేదు. టీషర్టు, చిప్ ఉన్న బిబ్ (ఛాతీకి తగిలించుకునే నంబరు), మెడల్, టిఫిన్లు, అంబులెన్సు, స్టేజీ, మైకు... వీటి ఖర్చు స్పాన్సర్ భరిస్తే మీ 500 మొత్తం ఆసుపత్రికి వెళ్లే వీలుంది. భరించకపోతే మిగిలిందే వెళ్తుంది. అందుకే పేరు రాయించుకునే ముందే అడగండి: ఖర్చు ఎవరిది, మిగిలింది ఏ ఖాతాకి? జవాబు రాతలో రావాలి. "కొంత భాగం ఇస్తాం" అంటే ఒప్పుకోకండి, ఎంత భాగమో చెప్పమనండి.

టెర్రీ ఫాక్స్‌ని చూడండి! కెనడా కుర్రాడు. ఎముక క్యాన్సర్‌తో 1977లో కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. క్యాన్సర్ కోసం చందాలు పోగేయడానికి 1980 ఏప్రిల్ 12న కృత్రిమ కాలుతో పరుగు మొదలెట్టాడు. రోజుకి దాదాపు 42 కిలోమీటర్లు, అంటే రోజూ ఓ మారథాన్! 143 రోజులు, 5,373 కిలోమీటర్లు. క్యాన్సర్ ఊపిరితిత్తులకి పాకితే తప్ప ఆగలేదు. అతను అడిగింది మనిషికి ఒక్క డాలరు. 1981 ఫిబ్రవరికల్లా 2 కోట్ల 41 లక్షల డాలర్లు దాటాయి, అంటే దేశంలో తలకో డాలరు వచ్చేసింది. అతని పేరు మీద ఇప్పటికీ జరిగే రన్‌కి ఎంట్రీ ఫీజు లేదు, ఇంత తేవాలన్న షరతూ లేదు.

నా గట్టి నమ్మకం ఇదే: మెడల్ ఇవ్వడమే మన దానాన్ని ఆపేస్తోంది. వస్తువు చేతికొచ్చిందా, ఇచ్చిపుచ్చుకోవడం అయిపోయిందనిపిస్తుంది. ఇంకో రూపాయి తీయం, ఇంకొకర్ని అడగం. అక్కడ ఆసుపత్రిలోనేమో రేడియేషన్ అంటే మామూలుగా వారానికి 5 రోజులు, అలా వారాల తరబడి. జిల్లాల నుంచి వచ్చినవాళ్లకి వైద్యం ఉచితంగా దొరికినా గది అద్దె, తిండి, తోడొచ్చిన మనిషి పోగొట్టుకునే కూలి ఎవరిస్తారు?

కాబట్టి పరిగెత్తేవాళ్లు చందా పోగేయాలి. పదిమంది పేర్లు రాసుకోండి, తలా 200 అడగండి. వాట్సాప్ స్టేటస్ పెట్టి ఊరుకుంటే ఎవరూ పంపరు, పేరు పెట్టి పిలిచి ఫోన్లోనే అడగాలి. డబ్బు మీ ఫోన్‌పేకి వేయించుకోకండి, నేరుగా సంస్థ ఖాతాకే వేయించండి. లేదంటే రసీదు మీ పేరున వస్తుంది, ఇచ్చినవాళ్లకి విరాళం మీద వచ్చే ఆదాయపు పన్ను మినహాయింపు (80జీ) దక్కదు. వాళ్ల పాన్ నంబరు, చిరునామా కూడా సంస్థకి అందాలి. నగదు 2,000 దాటితే మినహాయింపే లేదు, బియ్యం, దుప్పట్లు ఇచ్చినా లేదు. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే ఇది వర్తిస్తుందని కూడా ముందే చెప్పేయండి.

క్యూఆర్ కోడ్ స్కాన్ చేయగానే తెర మీద సంస్థ పేరు రావాలి. మనిషి పేరొస్తే అక్కడే ఆపేయండి. ఇస్తామని మాటిచ్చినవాళ్లకి రన్ అయిన సాయంత్రమే మీ ఫొటో పంపి గుర్తు చేయండి, వారం దాటితే చాలామంది మర్చిపోతారు.