వాగు నురుగును చదివిన ఆచార్యుడు

శ్రోతలకు నమస్కారం. శిలీంధ్రమనగానే మన విశాఖవాసులకు వానాకాలంలో తోలు చెప్పులకు పట్టే బూజు గుర్తుకు వస్తుంది. విసుక్కుంటూ తుడిచేస్తాం. ఆ జాతినే బతుకంతా చదువుకున్న ఆచార్యుడు సెసిల్ టెరెన్స్ ఇంగోల్డ్. 1905లో డబ్లిన్‌లో పుట్టి, 1944 నుంచి 1972 వరకు లండన్‌లోని బిర్క్‌బెక్ కళాశాలలో వృక్షశాస్త్రం బోధించారు. పదవుల సంగతి అంతటితో చాలు. నాకు ఇష్టమైనది నురుగు కథ.

అంతకు ముందు లెస్టర్‌లో అధ్యాపకులుగా ఉన్న రోజులలో, ఆయన ఒక చిన్న వాగు మీద తేలే నురుగును సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశారు. అందులో నాలుగేసి భుజాలున్న వింత సిద్ధబీజాలు, అంటే శిలీంధ్రాలకు విత్తనాల వంటి సూక్ష్మకణాలు, కనిపించాయి. అవి ఎక్కడివో వెదుకుతూ పోయి, నీట మునిగి కుళ్లుతున్న ఆల్డర్ చెట్టు ఆకులను పరీక్షించి, ఆ ఆకులలో పెరిగే శిలీంధ్రాలే నీటి అడుగున వాటిని విడుస్తున్నాయని 1942లో ప్రకటించారు. పల్లేరుకాయ ఎటు పడినా దాని ముళ్లు నేలను పట్టుకున్నట్టే, ఆ బీజం ఎటు కొట్టుకుపోయినా మూడు భుజాల కొనలు ఆకును తాకి నిలుస్తాయి. లేకుంటే ప్రవాహం దానిని నిలవనివ్వదు. గట్టి ఆకును ఈ శిలీంధ్రాలు మెత్తబరచిన తరువాతనే నీటి పురుగులు దానిని ఇష్టంగా తింటాయి, ఆ పురుగులను చేపలు తింటాయి. ఇంత వ్యవహారానికి ఆచూకీ ఇచ్చినది నురుగు, వట్టి నురుగు.

ఖరీదైన యంత్రాలు లేనిదే పరిశోధన సాగదనే వారితో నేను ఏకీభవించలేను. పదవీ విరమణ తరువాత కూడా ఇంగోల్డ్ పరిశోధన మానలేదు. 2010లో, 104 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఈ శిలీంధ్రాలు ఉష్ణదేశాల వాగులలోనూ ఉంటాయి. కనుక వృక్షశాస్త్రం చదివే మన విద్యార్థులకు ఒక్క మాట. వానలు తగ్గుముఖం పట్టాక అనంతగిరి వైపు వెళ్లినప్పుడు, రాళ్ల నడుమ వాగు సుడి తిరిగే చోట నిలిచిన నురుగును చెంచాతో తీసి సీసాలో వేసుకోండి. జారుడు రాళ్ల మీదికి మాత్రం వెళ్లవద్దు. ఆ నురుగును అలాగే వదిలేస్తే బీజాలు కొన్ని గంటలలోనే మొలకెత్తి, అసలు ఆకారం తెలియకుండా పోతుంది. అందువల్ల మీ అధ్యాపకుల పర్యవేక్షణలో, సేకరించిన చోటనే కొన్ని చుక్కల ఫార్మలిన్ మిశ్రమం కలిపి, సీసా మీద వాగు పేరు, తేదీ రాసి అతికించండి.